మొదటి హక్కు పొరుగువాడిది

మొన్న మా పక్క వాటా చేతులు మారిన సంగతి, కొత్తగా వచ్చినవాళ్ళు పాలు పొంగించిన రోజున గానీ మాకు తెలియలేదు. అమ్మినవాళ్ళు చెప్పనూ లేదు, చెప్పాలని వాళ్ళకు తోచనూ లేదు. నాకు మాత్రం ఆ పూటంతా నిజాం జమానాలో నేను కాపురానికి వచ్చిన నారాయణఖేడ్ ఇల్లే కళ్ళముందు మెదిలింది.

ఆ కాలంలో ఇల్లు అమ్మాలంటే ముందు గోడ ఆనుకొని ఉన్న పొరుగువాణ్ణి అడగాలి, అతను వద్దంటేనే పైవాళ్ళకు. షుఫా హక్కు అనేవారు, కచేరీలో కూడా చెల్లేది. మా మామకేమో పక్కింటాయనతో రెండేళ్ళుగా మాటల్లేవు, చూరు నీళ్ళు ఎవరి వాకిట్లో పడాలన్న తగవు. మనూరు దగ్గర చేను కొనాలని, మా ఇంట్లో పక్కింటిని ఆనుకొని ఉన్న రెండు గదులనూ ఆయనకు మాటమాత్రం చెప్పకుండా కంగ్టి ఊరి బట్టల వ్యాపారికి రాసిచ్చేశాడు.

నా దిగులు వేరు. ఆ గదుల వెనక మొండిగోడ దగ్గరే పక్కింటి అక్కా నేనూ రోజూ కలిసేవాళ్ళం. జొన్నరొట్టె మీద ఆమె వేసిచ్చే పచ్చికారం, పుట్టింటి బెంగతో నేను ఏడిస్తే కొంగుతో తుడిచిన ఆ చెయ్యి, అన్నీ ఆ గోడ మీదుగానే. మధ్యలో ఎవరో వచ్చి గోడ ఎత్తు లేపితే ఆమె ఇక నాకు లేనట్టే. కొత్త కోడలిని, ఎవరితో చెప్పుకోను?

ఎవరు చేరవేశారో గానీ, కాగితం రాసిన మర్నాడు పొద్దున్నే పక్కింటాయన ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకొని వచ్చి, ఆ గది గోడకు చెయ్యానించి, మొదటి హక్కు తనదేనని, అదే ధరకు తానే తీసుకుంటానని అందరూ వినేట్టు చెప్పాడు. పగ తీర్చుకోవడానికే వచ్చాడని మా మామ ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఆయన అరుపులు ఆగేదాకా ఓపిక పట్టి, పక్కింటాయన గొంతు దించి అన్నాడు:

"నాతోని మాట్లాడకుంటే మాట్లాడకు గానీ అన్నా, మన నడుమ పరాయోడెందుకే?"

మా మామ గుమ్మానికి అడ్డం తప్పుకొని, "లోపలికొచ్చి కూసో" అన్నాడు. నేను దొడ్డిదారిన మొండిగోడ దగ్గరికి పరుగెత్తాను. అక్క అప్పటికే అక్కడుంది.

ఆ హక్కు తర్వాత్తర్వాత చెల్లకుండా పోయిందట. న్యాయమే కావచ్చు, ఎవరి ఇల్లు వాళ్ళు తమకిష్టమైనవాళ్ళకు అమ్ముకుంటారు. ఆ తర్వాత నేను ఎన్ని ఇళ్ళు మారానో, ఎందరి పక్కన బతికానో. మమ్మల్ని వదులుకోలేక సాక్షులను పిలుచుకొని వచ్చిన పొరుగు మాత్రం మళ్ళీ దొరకలేదు.