బావ గుంట, రెండో సూత్రం

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను మెల్లమెల్లగా ఆగుతుంటే మా ఆవిడ విసనకర్ర కోసం వెతుక్కుంటూ విసుక్కుంది. కరెంటు పోతే నాకు మాత్రం గుర్తొచ్చేది ఉక్కపోత కాదు, చిట్టమూరు దిక్కున మా బావ రొయ్యల గుంట.

బావ అంటే మా అక్క భర్త, చర్చి సంఘంలో పెద్ద. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మేమిద్దరం కలిస్తే కంచాల్లో అన్నం చల్లారిపోవాల్సిందే. ఎవరో బోధకుడు ఆయనకు థర్మోడైనమిక్స్ రెండో సూత్రం నూరిపోశాడు. "వదిలేస్తే ఏదైనా చెడిపోద్దే గానీ బాగుపడదని మీ సైన్సే చెప్తా ఉంది గదా మాస్టారూ. మరి మట్టిలోంచి ప్రాణం దానంతటదే ఎట్ట పుట్టినాది?" అనేవాడు. అది తలుపులన్నీ మూసిన గదికి చెల్లే మాట బావా, భూమికి పైనుంచి ఎండ అందుతూనే ఉంది, శక్తి వచ్చి పోతూ ఉన్నచోట క్రమం పుట్టడానికి ఆ సూత్రం అడ్డురాదు అని నేను. ఆయన గుంటనే సాక్ష్యం పెట్టేవాణ్ణి. పంట వేసే ముందు బ్లీచింగ్ చల్లి నీళ్ళలో ఉన్నదాన్నంతా చంపుతారు. తర్వాత బెల్లం, తవుడు, ఈస్టు పులియబెట్టి పోస్తే కొన్నాళ్ళకు నీళ్ళకు రంగు తిరుగుతుంది, అంటే పాచి పుట్టిందన్నమాట. "చూశావా, చచ్చిన నీళ్ళలోనే ప్రాణం!" అంటే, "ఈస్టు నేనే గదయ్యా ఏసింది" అని మీసం కింద నవ్వేవాడు. ఆ రౌండు ఆయనదే, ఒప్పుకోవాలి.

పోయిన వానల్లో నేను అక్కడే ఉన్నాను. ముసురు పట్టిన పొద్దున గాలికి కరెంటు తీగలు తెగాయి. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్ చక్రాలు ఆగిపోయాయి. జనరేటరు కాసేపు దగ్గి ఊరుకుంది. పట్టి అమ్మే అదునుకు వచ్చిన రొయ్యలు ఊపిరాడక గట్టు వారకు చేరి మూతులు పైకెత్తాయి. బావ గుంటలోకి దూకి చేతులతో నీళ్ళు చిలుకుతున్నాడు. అక్క బకెట్టుతో ఎత్తి ఎత్తి పోస్తోంది. నేను తాటిమట్టతో నీళ్ళను బాదుతున్నాను. శక్తి అందుతుంటే ఆ సూత్రం అడ్డురాదని ఇన్నేళ్ళు వాదించిన నా చేతుల్లో ఉన్న శక్తి అంతే. బావ "ప్రభువా, ప్రభువా" అంటున్నాడు. నేను బాదుతూనే ఉన్నాను.

కరెంటు వచ్చేసరికి గుంటలో కదలిక లేదు. చక్రాలు జోరుగా తిరిగాయి, తెల్లటి నురగ లేచింది, ఆ నురగలో చచ్చిన రొయ్యలు ఎగిరెగిరి పడ్డాయి. బావ గట్టుమీద కూలబడి నా వైపు చూశాడు.

"అయ్యే రొయ్యలు, అయ్యే నీళ్ళు. కరెంటు గూడా వచ్చినాది. ఇప్పుడు లేపు మాస్టారూ."

ఎగతాళి కాదది, నిజంగానే అడిగాడు. అక్క కొంగుతో ఆయన తల తుడుస్తూ ఊరుకోమంది.

సూత్రం అడ్డురాదన్నానే గానీ పుట్టిస్తుందని నేనెన్నడూ అనలేదు. ప్రాణం పుట్టడానికి దారి తెరిచి ఉన్నంత మాత్రాన పోయిన ప్రాణం ఆ దారిన తిరిగి రాదు. కానీ నిలువునా తడిసి కూర్చున్న మనిషికి ఇది ఎలా చెప్పను? తాటిమట్ట పట్టుకుని నిలబడిపోయాను. ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నట్టుంది. మట్టిలో తొలి ప్రాణం కదలడానికి కోట్ల ఏళ్ళు ఓపిగ్గా కూర్చున్న కాలం, ఆ పొద్దున మా బావ కోసం ఒక్క గంట ఆగలేదు.