బాపట్లలో ఆగిన కొత్త కారు, రేపల్లెలో ఆగని దానియేలు

కొత్త కారుతో తెనాలి వీధులన్నీ తిరిగి, చుట్టాలందరికీ కడుపుమంట పుట్టించాక, దాన్ని దూరం తీసుకెళ్లడానికి ఒక మంచి కారణం దొరికింది. నా చిన్ననాటి స్నేహితుడు దానియేలు బస్సు డ్రైవరు. ఆ ఆదివారం వాడి ఉద్యోగానికి ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకి రేపల్లె బస్టాండులో బస్సు ఆపి దిగిపోతాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. వాడికి మిగిలింది బాపట్లలో ఉండే అక్క గ్రేసమ్మ, ఆ తర్వాత నేను. ఇన్నేళ్లు ఊళ్ల జనాన్ని మోసినవాణ్ణి ఆ రోజు నా కారు వెనక సీట్లో దొరలా కూర్చోబెట్టి, భట్టిప్రోలులో వాడి ఇంటి ముందు దింపాలని నా కోరిక.

మామూలుగా వెళితే నేను సాంబశివరావును ఎలా అవుతాను? "తిరుపతి వెళ్తున్నానురా, రాలేను" అని వాడికి ముందే ఫోన్ చేశాను. మోకాళ్ల నొప్పులతో కదల్లేకపోతున్నానని అక్క చేత కూడా చెప్పించాను. చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి ఆమె. అబద్ధం నోట్లోంచి రాదు. "మనల్ని చూడగానే వాడి మొహం ఎలా ఉంటుందో చూద్దామక్కా" అని బతిమాలి ఒప్పించాను.

పొద్దున తొమ్మిదిన్నరకి తెనాలిలో బయలుదేరాను. చుండూరు దాటి, పొన్నూరులో ఆగి నలభై రూపాయలకి ఇడ్లీ తిని, పదకొండున్నరకి బాపట్ల చేరాను. అక్క ఇంకా ఆరాధన నుంచి రాలేదు. పక్కింటి రత్నం బాబాయ్ కారు చుట్టూ తిరుగుతుంటే నా చెయ్యి ఊరుకోలేదు. "బాబాయ్, వందనాలని చెప్పండి. ఇదీ తిరిగి చెబుతుంది" అన్నాను. ఆయన చేతులు జోడించి "వందనాలండి" అన్నారు. జేబులో తాళం నొక్కాను. కారు రెండుసార్లు కీచుమని లైట్లు వెలిగించి ఆర్పింది. వీధంతా పోగైంది. అక్క వచ్చి, వంట చేసి, అన్నం పెట్టేదాకా తలుపులు తీసి, లైట్లు వేసి, ఫ్యాను పెట్టి, అందరికీ పాటలు వినిపించాను. పెట్రోలు దండగని ఇంజను మాత్రం వేయలేదు.

రెండున్నరకి అక్క శాలువా కవరు ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. బటన్ నొక్కాను. కారు మూలగను కూడా మూలగలేదు.

"వందనాలు చెప్పి చూడబ్బాయ్, లేస్తుందేమో" అన్నారు రత్నం బాబాయ్. "జేబులో చెయ్యి పెట్టి మరీ చెప్పు."

నలుగురు కుర్రాళ్లు తోస్తామని వచ్చారు. గేర్లు మార్చే పని లేదని ముచ్చటపడి కొన్న బండి అది, తోస్తే స్టార్ట్ కాదు. కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే, గుంటూరు నుంచి మనిషి రావాలి, మూడు గంటలు పడుతుందన్నారు. ఆదివారం కావడంతో ఊళ్లో మెకానిక్ షాపులన్నీ మూసి ఉన్నాయి. రత్నం బాబాయ్ ఎవరికో ఫోన్ చేసి, ఒక ఎలక్ట్రీషియన్ వస్తాడన్నారు.

"మూడింటికి రేపల్లె బస్సుందిరా సాంబా" అంది అక్క. "దాన్లో వెళ్తే వాడికన్నా ముందే ఉంటాం. పద."

"బస్సు దిగేవాడికి బస్సులో ఎదురెళ్తామా అక్కా? ఒక్క పావుగంట ఆగు."

అక్క వీధి చివర బస్సు వెళ్లిపోతుంటే చూసింది.

ఎలక్ట్రీషియన్ "దారిలో ఉన్నానండి" అంటూనే నాలుగున్నర చేశాడు. బైకు మీద తెచ్చిన బ్యాటరీకి వైర్లు తగిలిస్తే ఐదు నిమిషాల్లో కారు లేచింది. ఐదు వందలు తీసుకున్నాడు. "ఇంజను వేయకుండా ఎంతసేపు పాటలు పెట్టారండి?" అని అడిగాడు.

"ఓ పది నిమిషాలు" అన్నాను.

"పూర్తిగా రెండు గంటలు. మా ఇంట్లో వంటలయ్యాయి, తిళ్లయ్యాయి" అన్నారు బాబాయ్.

కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్లాం. రోడ్డు ఇరుకు, ధాన్యం ట్రాక్టర్లు అడ్డం. ఐదున్నరకి ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాను. మోగింది, వాడు ఎత్తలేదు. బస్టాండు చేరేసరికి ఆరు దాటింది.

"దానియేలు గారాండీ? వెళ్లిపోయారండి" అన్నాడు అక్కడి కండక్టరు. "దండ వేశాం. మీవాళ్లొచ్చేదాకా కూర్చోండి, ఫొటో తీద్దామంటే, ఎవరూ రారన్నారు. ఇంటికెళ్తానని తెనాలి బస్సెక్కి వెనకాల కూర్చున్నారు."

భట్టిప్రోలులో వాడి ఇంటి తలుపు తీసే ఉంది. దండ కుర్చీ వీపుకి వేలాడుతోంది. వాడు ఇంకా యూనిఫాం విప్పలేదు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. అక్క శాలువా కప్పి ఏడ్చింది. "వీడి మాట విని నీతో అబద్ధమాడాన్రా" అంది.

"వస్తామని ఒక్క ముక్క చెబితే బస్టాండులోనే కూర్చునేవాణ్ణి కదక్కా" అన్నాడు. నా ఫోను ఎందుకు ఎత్తలేదని అడిగాను. "తిరుపతి నుంచి చేస్తున్నావనుకున్నా. బస్సులో జనం ఉన్నారు. వాళ్ల ముందు ఏడుస్తానేమోనని ఎత్తలేదురా" అన్నాడు.

కారెక్కమన్నాను. దాని చుట్టూ ఒకసారి తిరిగి, అద్దం మీద దుమ్ము చేత్తో తుడిచి, "బాగుంది. రేపెక్కుతాలే. ఇవాళ చాలా దూరం తోలా" అన్నాడు.

మర్నాడు ఎక్కాడు. భట్టిప్రోలంతా తిప్పాను. నవ్వాడు కూడా. అయినా రేపల్లె బస్టాండులో దండతో వాడు అటూ ఇటూ చూసి ఉంటాడు కదా, ఆ చూపు నన్ను వదలడం లేదు. మూడింటి బస్సు ఎక్కి ఉంటే నా కారు బాపట్లలోనే ఉండేది, వాడి ఫొటోలో మేముండేవాళ్లం. ఇక మీలో కొత్త కారుతో ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక మాట. ఇంజను వేయకుండా పాటలు, లైట్లు పెట్టకండి. నేనైతే ఆ రోజు నుంచి పాటలే పెట్టడం లేదు.