చూరు కింద నీళ్లు

మా పొరుగింటి గ్రాషియానా మంత్రసాని. మా అస్పెయిటియా లోయలో సగం మంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్లే. ఆవిడ సొంత బిడ్డ మాత్రం ఆవిడ ఇంటి చూరు కింద ఉన్నాడు. జ్ఞానస్నానం అందకుండా పోయిన పసికందుకు చర్చి మట్టి దక్కదు, చూరు కిందే పాతిపెడతాం. ఊపిరి ఉండగా ఎవరైనా సరే ఒంటి మీద నీళ్లు పోసి పేరు పెడితే చాలు, జ్ఞానస్నానం అయినట్టే. వాడిలో ఊపిరి ఉండగా ఆనాటి మంత్రసాని నీళ్ల కోసం వెతుక్కుంటూ ఉండిపోయిందట. అప్పట్నుంచి గ్రాషియానా ఎవరికి పురుడు పోయడానికి వెళ్లినా, మా ఊరి పునీతుడు ఇనాసియో పేరిట చర్చిలో దీవించిన నీళ్లు చెంబుతో మంచం పక్కన పెట్టాకే పనిలో దిగుతుంది.

నా తొలి కాన్పు ఆ పునీతుడి పండగనాడే వచ్చింది. కింద ఊళ్లో చర్చి గంటలు మోగుతున్నాయి. తెల్లవారుజామున మొదలైన నొప్పులు మధ్యాహ్నమైనా తెగలేదు. మా అత్త మాన్యోలి తల దగ్గర నిలబడి ఒకటే పాట.

"మన పునీతుడు సిపాయిగా ఉన్నప్పుడు ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. వంకరగా అతికిందని మళ్లీ విరగ్గొట్టారు. కిక్కురుమన్నాడా? పిడికిలి బిగించాడంతే!"

"అయితే ఆయన్నే వచ్చి కనమనండి అత్తయ్యా!"

గ్రాషియానా నవ్వబోయి ఆగిపోయింది. బిడ్డ కాళ్లు ముందొచ్చాయి.

మెడ దాకా వచ్చి తల ఇరుక్కుంది. గ్రాషియానా రెండు చేతులూ ఆ తల దగ్గరే ఉన్నాయి.

"నీలంగా అయిపోతోంది! నీళ్లు పొయ్యవే, చూరు కిందికి పోతుంది!" అత్త కేక పెట్టింది.

గ్రాషియానా చూపు చెంబు మీదికి వెళ్లింది. తన కొడుకే గుర్తొచ్చాడని నాకు తెలిసిపోయింది. చెయ్యి వదులుతుందేమో అనుకున్నాను. వదిలితే నా బిడ్డ దక్కదు.

"నువ్వు పొయ్యవే మాన్యోలీ," అంది.

"నేనా? పాపిష్టిదాన్ని..."

"పాపమో పుణ్యమో, నీ చేతులు ఖాళీగా ఉన్నాయి. పొయ్యవే! అమ్మాయ్, నువ్వు ముక్కు!"

అత్త కళ్లు గట్టిగా మూసుకుని "పిత, పుత్ర, పవిత్రాత్మ" అంటూ బయటికొచ్చిన ఒంటి మీద నీళ్లు పోసింది. కంగారులో ఆడపిల్లకి ఇనాసియో అని పేరు పెట్టేసింది. నేను ముక్కాను. తల జారింది. గ్రాషియానా బిడ్డ వీపు మీద రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకి పిల్ల కేరుమంది.

మిగిలిన నీళ్ల చెంబు తీసుకుని గ్రాషియానా ఇంటికెళ్లింది. మంచం మీంచే కిటికీలో చూశాను. తన చూరు కింద వంగి, ఆ నీళ్లు నెమ్మదిగా పోస్తోంది.

"పునీతుడి నీళ్లు నేలపాలు చేస్తావేంటే?" అత్త కిటికీలోంచి అరిచింది.

గ్రాషియానా వెనక్కి తిరగలేదు. "వాడికీ పేరు పెడుతున్నాలే."

మా అత్త ఎప్పుడూ లేనంత మెల్లగా, "ఏం పేరు?" అంది.