మూడో నంబరు తలుపు

నేను నేవీ ఓడ ఎక్కిన రోజు విశాఖలో వాన. భుజాన కిట్ బ్యాగు. అందులో రెండు జతల ఖాకీ ఓవరాల్స్, ఒక టార్చి, కాలికి పెద్దవైన బూట్లు. నా వెనకే నిచ్చెన ఎక్కుతున్న కుర్రాడు, "నీళ్లల్ల నౌకరి అంటే పైనుంచి గూడ నీళ్లేనా?" అన్నాడు. మన తెలుగు వినేసరికి ప్రాణం లేచొచ్చింది. వాడిది కారేపల్లి, నాది టేకులపల్లి. మా పేర్లున్నవాళ్లు ఓడలో ఇంకా ఉన్నారు. అందుకని ఊళ్ల పేర్లే మాకు పేర్లయ్యాయి.

మాది ఇంజిన్ రూము. నీటిమట్టానికి కింద ఉంటుంది. ఎండాకాలం కొత్తగూడెం బజార్లో నిలబడ్డంత వేడి. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి. సెలవుకొచ్చినప్పుడు సముద్రం ఎట్లుంటదని అడిగితే, డీజిల్ వాసనొస్తదని చెప్పేవాణ్ని. ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

గదికీ గదికీ మధ్య ఇనుప తలుపులు. ఒక గదిలోకి నీళ్లొస్తే ఆ తలుపు మూసేస్తారు, ఓడ మునగదు. మొదటి వారమే నేర్పారు. పాఠంగా వింటే చాలా బాగుంటుంది.

ఒక మధ్యాహ్నం, తీరానికి చాలా దూరంలో, తుఫాను గాలిలో ఉన్నాం. సముద్రపు నీళ్లు లాగే పెద్ద పైపు పగిలింది. నేను స్పానర్ కోసం తలుపు ఇవతలికి వచ్చాను. కారేపల్లి అవతలి చివర వాల్వు తిప్పుతున్నాడు. నీళ్లు నడుము దాటాయి. పైన కెప్టెన్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"మూడో నంబరు తలుపు మూయండి."

"చీఫ్, కారేపల్లి లోపలున్నడు!" అని అరిచాను.

చీఫ్ అంటే మా ఇంజిన్ రూముకి పెద్ద. కోస్తా మనిషి. "తెలుసురా. ఓడలో మిగతా అందరూ కూడా ఉన్నారు. ముయ్యి," అన్నాడు. తనే ముందు తలుపుకి భుజం ఆనించాడు.

నలుగురం కలిసి తోసి మూశాం. పిడులు బిగించాం. కాసేపటికి లోపల్నుంచి చప్పుడు మొదలైంది. ఇనుము మీద ఇనుము. నేను స్పానర్‌తో ఇవతల కొట్టాను. వాడు మళ్లీ కొట్టాడు. చీఫ్ నన్ను ఆపలేదు. అది ఎంతసేపు సాగిందో నాకు తెలుసు. చెప్పను.

ఓడ బతికింది. రేవు చేరాక వాణ్ని బయటికి తీశారు. పెట్టెతో పాటు ఒక ఆఫీసరునూ, నన్నూ కారేపల్లికి పంపారు. ఆఫీసరు టోపీ తీసి వాడి తల్లికి హిందీలో చెప్పాడు. నేను తెలుగు చేశాను: "పెద్దమ్మా, క్షణంల పోయిండంట. బాధ తెల్వలేదంట." ఆమె ఆ మాటనే పట్టుకుని బతికింది. ఎవరు పలకరించినా అదే చెప్పేది.

సర్వీసు అయ్యాక సారపాకలో మిల్లు గేటు దగ్గర సెక్యూరిటీ పని దొరికింది. పెద్దమ్మ కూతురిల్లు మా వెనక వీధే. వచ్చినప్పుడల్లా నాకు చింతకాయ తొక్కు తెచ్చేది.

ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి టీవీ ఒక్క టైలర్ భాయ్ ఇంట్లోనే ఉండేది. చెక్కపెట్టె టీవీ, ముందు రెండువైపుల నుంచీ జరిపే తలుపులు. ఢిల్లీ రాజకీయాల మీద హిందీ సీరియల్ ఒకటి వచ్చేది. అందులో మంత్రులు చాయ్ తాగుతూ దేశాన్ని నడిపేవాళ్లు. ఆ వారం కథ నేవీదని తెలిసి పెద్దమ్మ ముందే వచ్చి చాప మీద కూర్చుంది. "నా పక్కన కూసొని చెప్పు బిడ్డా, నాకు హిందీ రాదాయె."

కథలో మన ఓడ శత్రుదేశం నీళ్లలో చెడిపోయి ఆగింది. వాళ్లనే సాయం అడిగితే పరువు పోతుంది, అడగకపోతే మనుషులు పోతారు. మంత్రి కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తున్నాడు.

"ఏమంటుండు?"

"ఇంకా ఏమనలే పెద్దమ్మా."

"జల్దీ అనమను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంతలో ఓడ లోపలి గది చూపించారు. నీళ్లొస్తున్నాయి. తలుపు మూశారు. అది అట్టతో చేసిన తలుపని నాకు తెలిసిపోతూనే ఉంది. లోపల్నుంచి చప్పుడు మొదలైంది. ఇనుము మీద ఇనుము.

దానికి తెలుగు చెప్పక్కర్లేదు. పెద్దమ్మ నావైపు తిరిగింది.

"బిడ్డా, మావోడు గిట్లనే కొట్టిండా?"

ఓడలో ఎన్నడూ పడనంత భయం ఆ చాప మీద పడ్డాను. పాత మాటే నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాక బయటికి రాలేదు.

"అవ్ పెద్దమ్మా."

"ఎవ్వలన్న ఇన్నరా?"

"నేను ఇన్న. ఇవతల నుంచి నేను గూడ కొట్టిన. ఆఖరిదాక కొట్టిన."

"వానికి ఇనొచ్చిందా?"

"ఇనొచ్చింది. నేను కొట్టినప్పుడల్లా వాడు కొట్టిండు."

"అట్లయితే ఒక్కడే పోలే," అంది.

తెర మీద మంత్రి ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు. చప్పుడు ఆగకముందే ఆ వారం కథ అయిపోయింది. టైలర్ భాయ్ లేచి టీవీ తలుపులు దగ్గరికి జరపబోయాడు. పెద్దమ్మ చాప మీద నుంచి లేచి, రెండు తలుపుల మధ్య చెయ్యి పెట్టింది.

"ఆగు భాయ్. గిప్పుడే మూయకు."

భాయ్ ఏమీ అర్థంకాక నావైపు చూశాడు. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆమె చెయ్యి తియ్యలేదు.

"వచ్చే వారం తీస్తరా బిడ్డా, ఆ తలుపు?"

"తీస్తరు పెద్దమ్మా," అన్నాను.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. మూడో నంబరు తలుపు మాత్రం నా కలలో ఇంకా మూసుకుంటూనే ఉంటుంది. నలుగురం తోస్తుంటాం. మధ్యలో ఆమె చెయ్యి ఉంటుంది.