కొబ్బరికాయ కొట్టిన మంచె

మా చేపల చెరువు గట్టు మీది మంచెను పడగొట్టింది నేనే. గాలికి పడిపోయిందని మా బంధువులు కొందరు ఇప్పటికీ మర్యాదకి చెబుతుంటారు. ఆ రోజు గాలీ లేదు, వానా లేదు. పట్టపగలు కొడవలి పట్టుకుని దాని కట్లన్నీ నేనే కోశాను. కోసినందుకు అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను.

మాది మండవల్లి అవతల, కొల్లేటి అంచున ఉన్న ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో చుట్టుపక్కల అందరూ వరి మానేసి చెరువులు తవ్విస్తుంటే, మేమూ మా మరిదీ కలిసి మా పొలాన్ని చెరువు చేశాం. చేపపిల్లల్ని వదిలిన దగ్గర్నుంచి, పెరిగిన చేపని పట్టి అమ్మే పట్టుబడి దాకా పక్షులతోనే గొడవ. నీటికాకులు గుంపుగా దిగితే, మనిషి టీ తాగి వచ్చేలోగా చెరువు మీద చేతివాటం చూపించి పోతాయి. వాటిని చంపం. బెదిరించి లేపుతాం. అందుకోసం గట్టు మీద తాటిమొద్దులు నిలబెట్టి, సరుగుడు కర్రలు అడ్డంగా కట్టి, ఇద్దరు మనుషుల ఎత్తున మంచె వేస్తారు. పైన ఒకరు కూర్చుని డబ్బా వాయిస్తూ, వడిసెలతో మట్టిబెడ్డలు విసురుతూ ఉండాలి. ఎక్కడానికి మొద్దుల మధ్య మెట్లలాగా కర్రలు కడతారు. మేకులు కొట్టరు. అన్నీ తాళ్ళ కట్లే.

ఆ తాళ్ళు ఎక్కడివంటే, పాత వలలవి. వల చిరిగిపోయాక దాని అంచు తాడు విప్పి దాచుకోవడం మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంది. నేనూ దాచేదాన్ని. నా ఇంట్లో ఏదీ పారేయను. చిరిగిన చీర బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది. మా పెరట్లో దండెం వలతాడే. దూడ పలుపూ వలతాడే. కానీ దండెం తెగితే బట్టలు కిందపడతాయి, మళ్ళీ ఉతుక్కుంటాం. మనిషిని ఉతుక్కోలేం.

ఇంకో ఆచారం కూడా ఉంది మాకు. మంచె కట్టడం పూర్తవగానే మొదటి మెట్టుకి పసుపు రాసి కొబ్బరికాయ కొడతారు. ఆ తర్వాత పట్టుబడి అయ్యేదాకా దాని కట్టు ఒక్కటి కూడా విప్పకూడదు. విప్పితే చెరువు కట్టు కూడా విప్పినట్టేనని, చేప నిలవదని నమ్మకం. కట్టు వదులైతే దాని మీదే ఇంకో తాడు చుడతారు. లోపల పాతది అలాగే ఉంటుంది. పైకి చూస్తే కట్టు పిడికిలంత లావుగా, గట్టిగా, భలే ఉంటుంది.

మా ఆయన పడింది అలాంటి కట్టు మీద నుంచే. పొద్దున్నే మంచె దిగుతూ పైనుంచి మూడో మెట్టు మీద కాలు పెట్టారు. కట్టు పుటుక్కున తెగింది. మెట్టుతో సహా గట్టు మీద పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఏలూరు ఆసుపత్రిలో రాడ్డు వేశారు.

నేను ఆయన మంచం పక్కన కింద చాప వేసుకుని ఉన్నాను. పక్క మంచం మీద కరెంటు స్తంభాలు ఎక్కే ఆయన ఒకరున్నారు. ఆయనా పడ్డవాడే. కానీ మణికట్టు ఒక్కటే విరిగింది. లేచి తిరుగుతూ, అందరికీ కొబ్బరినీళ్ళు తెచ్చిపెడుతూ, ఆసుపత్రిలో పెళ్ళివారింట్లో ఉన్నట్టున్నాడు.

“మీరూ పైనుంచేగా పడ్డారు బాబూ, ఇంత చలాకీగా ఎలా ఉన్నారు?” అని అడిగాను.

“నేను పడలేదండీ, వేలాడాను. బెల్టు ఉంది కదండీ. చెయ్యి స్తంభానికి కొట్టుకుంది, అంతే.”

“ఆ బెల్టు పాతదైతే?”

“పాతదైతే మీతో ఎవరు మాట్లాడతారండీ ఇప్పుడు?” అని నవ్వాడు.

బెల్టుకి ఉన్న తాడు పొడుగ్గా ఉండకూడదని కూడా ఆయనే చెప్పాడు. పొడుగ్గా ఉంటే నేల తగిలాక గానీ అది పట్టుకోదట. ఆ మాటకి మా ఆయన కూడా అంత నొప్పిలో నవ్వారు.

ఇంటికొచ్చిన మర్నాడు చెరువు దగ్గరికి వెళ్ళాను. మరిది అప్పటికే ఆ మెట్టు తిరిగి కట్టేశాడు. దేనితో? పాత వలతాడుతోనే. పైగా మా పెద్దవాడు మంచె కింద నిలబడి, లుంగీ ఎగ్గట్టి ఎక్కబోతున్నాడు. వాడికి అప్పటికి పెళ్ళయి ఏడాది కాలేదు. కోడలికి నెల తప్పింది. తండ్రి మంచాన పడ్డాడు కాబట్టి మా వంతు కాపలా వాడే కాయాలి.

“దిగు,” అన్నాను.

“ఇంకా ఎక్కలేదమ్మా.”

“అయితే ఎక్కకు.”

కింద పడి ఉన్న తెగిన తాడు ముక్క తీసి పురి విప్పాను. పైన నీలంగా నిగనిగలాడుతోంది. లోపల పోగులు తెల్లబడి, వేళ్ళ మధ్య నలిపితే పిండిలా రాలిపోతున్నాయి. ఎండకి ఉడికి ఉడికి చచ్చిపోయిన తాడది. మంచెకున్న మిగతా కట్లూ దాని తోబుట్టువులే.

“ఈ కట్లన్నీ తీసేసి కొత్త తాడుతో కట్టాలయ్యా,” అన్నాను మరిదితో.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “కొబ్బరికాయ కొట్టాం వదినా. పట్టుబడికి ఇంకెంత, రెండు మూడు నెలలు. అప్పుడు చూద్దాం లెండి.”

“మీ అన్నయ్యకి కొబ్బరికాయ అడ్డం పడలేదే?”

“అన్నయ్య కాలు జారాడు. కాలు జారితే కొత్త తాడేం చేస్తుంది?”

“కాలు జారితే మెట్టు పైనే ఉండాలిగా. మెట్టు కూడా జారిందా?”

ఆయన పెళ్ళాం, నా తోడికోడలు, తవుడు బస్తా దగ్గర కూర్చుని అంతా వింటోంది. “అక్కయ్యా, చింపిరి చీరకి కూడా అతుకు వేసుకునేదానివి, నీకెప్పట్నుంచమ్మా కొత్త తాళ్ళ సరదా?” అంది. అక్కడున్న కూలీ ఆడవాళ్ళు చీర కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“అతుకేసిన చీర కట్టుకుని నేనెక్కడి నుంచీ వేలాడటం లేదమ్మా,” అన్నాను.

మరిది వినలేదు. తన వాటా చెరువు నష్టపోతే ఎవరు ఇస్తారన్నాడు. ఎక్కరా అబ్బాయ్, అన్నాడు మావాడితో. వాడు నా మొహం చూశాడు, బాబాయి మొహం చూశాడు, మెట్టు మీద చెయ్యి వేశాడు. బాబాయి మాట తీసేస్తే మగాడు కాదనుకుంటాడని వాడి భయం. నాకు అది తెలుసు. వాడితో వాదించి లాభం లేదని కూడా తెలుసు. అందుకని వాడితో వాదించలేదు, ముందు అన్నం తిని వచ్చి ఎక్కమని ఇంటికి పంపాను. అందరూ అన్నాలకి వెళ్ళేదాకా ఆగి, గడ్డి కోసే కొడవలి తీసుకుని మంచె దగ్గరికి పోయాను.

కింద నుంచి అందిన కట్లన్నీ కోశాను. ఒక్కో కట్టు కోస్తుంటే కోసినట్టే లేదు, ఎండిన పొట్లకాయ తీగ తుంచినట్టుంది. మెట్లు రాలాయి. తర్వాత మొద్దులకి ఏటవాలుగా దన్ను పెట్టిన కర్రల కట్లు కోసి, దూరంగా వచ్చి, పొడుగాటి వెదురు గడతో పైనున్న పలకని ఒక్క తోపు తోశాను. మొత్తం పక్కకి ఒరిగి గట్టు మీద కూలింది. పసుపు రాసిన మెట్టు కూడా అందులోనే ఉంది. దేవుడికి కొట్టిన కాయని నేను కాదనలేదు. మనిషి ప్రాణం కాపాడమనే కదా కొట్టాం, కుళ్ళిన తాడు కాపాడమని కాదు కదా.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు ఊరంతా ఉంది. మరిది నోటికొచ్చినట్టు అన్నాడు. మా ఆయన మంచం మీద నుంచి, “చెప్పి చెయ్యొచ్చు కదే,” అన్నారు.

“చెప్పే చేశానండీ. వినలేదు,” అన్నాను.

చెరువు నష్టపోతే నా వాటాలో కోసుకోమన్నాను. కొత్త మంచె లేచేదాకా పక్షుల పని నాదన్నాను. అన్నట్టే తెల్లారకముందే గట్టు ఎక్కేదాన్ని. నూనె డబ్బా ఒకటి మెడలో వేలాడదీసుకుని, వాయిస్తూ చెరువు చుట్టూ తిరిగేదాన్ని. ఈ గట్టున వాయిస్తే అవి ఆ గట్టున దిగేవి. కోడలు కడుపుతో ఉండి కూడా ఆ చివర నిలబడి చప్పట్లు కొట్టేది. కొన్ని చేపలు పోయాయి. పోలేదని అబద్ధమెందుకు. పడవ మీద పోతున్నవాళ్ళు, “ఏవండీ పిన్నిగారూ, పెళ్ళెవరిదండీ, మేళం మీరే వాయిస్తున్నారు?” అని అరిచేవారు. “మీ తద్దినానికి సాధన చేస్తున్నాను, పోండి,” అనేదాన్ని.

ఈలోగా పెద్దవాణ్ణి తాడేపల్లిగూడెం పంపి కొత్త తాడు తెప్పించాను. కొత్త నవారు కూడా తెప్పించాను, మంచాలకి అల్లేది. నాలుగు మడతలు వేసి, గోనెసంచుల సూదితో బెల్టులాగా నేనే కుట్టాను. నడుముకి ఒకటి, తొడలకి రెండు. నేను చదివింది మూడో తరగతి వరకే, కానీ కుట్టు నాకు వచ్చు. వాడి బరువున్న తవుడు బస్తాకి దాన్ని తగిలించి చింతకొమ్మకి రాత్రంతా వేలాడదీశాను. తెల్లారి ఒక్కో కుట్టూ వేలితో తడిమి చూశాను. అప్పుడు గానీ వాడికి ఇవ్వలేదు.

కొత్త మంచె పాతదానికంటే పొట్టిగా కట్టించాను. మెట్లు అసలు కట్టనివ్వలేదు. విడిగా ఒక నిచ్చెన చేయించి, పనయ్యాక దాన్ని మా పాకలో పెట్టుకునేదాన్ని. నవారు నడుముకి బిగించాకే నిచ్చెన. పైకి చేరగానే దాని పొట్టి తాడు మొద్దుకి తగిలించాలి. వారానికోసారి కట్లన్నీ నేను ముట్టుకుని చూడాలి. ఇదీ నా షరతు.

మావాడు మొదటి రోజు సిగ్గుపడుతూ కట్టుకున్నాడు. గట్టు మీద కుర్రాళ్ళు, “ఒరేయ్, గేదెని కట్టేసినట్టు కట్టేసింది రా మీ అమ్మ,” అన్నారు. వాడు పైకెక్కి, ఒక బెడ్డ వాళ్ళ కాళ్ళ దగ్గర పడేలా వడిసెలతో విసిరాడు. ఆ తర్వాత సిగ్గుపడలేదు.

మరిది వంతు వచ్చింది. ఆయన నవారు వంక చూడనైనా చూడలేదు.

“వదినా, నిచ్చెన తెండి.”

“నడుముకి కట్టుకోండి, తెస్తాను.”

“నేను చిన్నప్పట్నుంచీ ఎక్కుతున్నాను. ఆడదాని బొడ్డుతాడు కట్టుకుని ఎక్కమంటారా?”

“ఎక్కకపోతే మానెయ్యండి. డబ్బా ఉంది, గట్టు ఉంది.”

ఆయన డబ్బా తీసుకుని పోయాడు. ఎండలో చెరువు చుట్టూ తిరిగాడు. ఆయన ఈ మూల ఉంటే నీటికాకులు ఆ మూల మునిగాయి. పక్క చెరువు వాళ్ళు మేళం మారిందేవండీ అన్నారు. రెండో పూటకి ఆయన మోకాళ్ళ దాకా బురద. మా పాక ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

నవారు ఇచ్చాను. నడుముకి చుట్టుకుని, ముడి వదులుగా వేసి, నిచ్చెన వైపు చూశాడు. నేను నిచ్చెన మీద కూర్చునే ఉన్నాను.

“వదులుగా ఉంది,” అన్నాను.

“ఊపిరాడొద్దా వదినా?”

“కింద పడితే అసలే ఆడదు. విప్పి మళ్ళీ కట్టండి.”

విప్పాడు. మళ్ళీ కట్టాడు. ముడి కింద నా వేలు పెట్టి లాగి చూశాను. కదల్లేదు. అప్పుడు లేచి నిచ్చెన ఇచ్చాను.