డ్రైవరుగారి పళ్లెం

దూరప్రాంతాల బస్సు నడిపే ఆ డ్రైవరును డిపోలో పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అతను ఇనప్పొట్ట. పొద్దున జనాన్ని ఎక్కించుకుని సాయంత్రానికి పెద్ద ఊళ్లో దించే బస్సు అతనిది. ఇరవై మూడేళ్లుగా అదే రోడ్డు, మధ్యాహ్నం ఆగి తినేదీ అదే కొట్టు. ఇన్నేళ్లలో పొట్ట బాగోలేదని ఒక్కరోజు సెలవు పెట్టలేదు. రాళ్లు తిన్నా అరిగించుకుంటాడని తోటివాళ్లు అంటే కాదనేవాడు కాదు. అది అతనికి బిరుదు కింద లెక్క.

ఆ కొట్టు ఏమంత గొప్పది కాదు. రోడ్డు వారగా రేకుల కప్పు, ముందు పొయ్యి, పొయ్యి మీద పెద్ద గుండిగ, చుట్టూ ఈగలు. బస్సు ఆగగానే జనం పళ్లేలు పట్టుకుని ఎగబడేవారు. డ్రైవరూ కండక్టరూ మాత్రం వెనక గదిలో కూర్చునేవారు. వాళ్ల దగ్గర డబ్బులు పుచ్చుకోరు. బస్సు అక్కడే ఆపుతున్నందుకు అదొక మర్యాద. ఆ దారిన పోయే డ్రైవర్లందరికీ ఎక్కడో ఒకచోట అలాంటి గది ఉంటుంది.

తిని బయల్దేరిన రెండు మూడు గంటలకు ఎవరో ఒకరు కడుపు పట్టుకుని ముందుకొచ్చి, కాస్త ఆపమని బతిమాలడం మామూలే. ఆపేవాడు, అది కాదనకూడదు. దిగినవాళ్లు పొదల చాటు నుంచి వచ్చేదాకా హారన్ మీంచి చెయ్యి మాత్రం తీసేవాడు కాదు. ఈ కాలం వాళ్లవి పొట్టలా, మట్టికుండలా అని కండక్టరుతో నవ్వేవాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అన్నారా!

అంతటివాడికీ అక్క దగ్గర నోరు లేచేది కాదు. అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి అతన్ని పెంచింది ఆవిడే. ఒక బడి పిల్లల యూనిఫాంలన్నీ ఏటా ఆవిడే కుడుతుంది. కిందటేడు కళ్లలో శుక్లాలు ముదిరి, ఓ చొక్కాకు కాలరు తిరగేసి కుట్టింది. బడివాళ్లు మొహమాటానికి ఊరుకున్నారు గానీ, ఈసారి కన్ను బాగుచేయించుకుంటేనే గుడ్డ ఇస్తామన్నారు. బడి తెరవడానికి రెండు నెలలే ఉంది. పెద్ద ఊళ్లో కంటి ఆసుపత్రివాళ్లు నాలుగు నెలలు తిప్పించుకుని ఆపరేషనుకు ఒక రోజు ఇచ్చారు. ఆ రోజు తప్పితే మళ్లీ మూడు నెలలు. నా బస్సులోనే తీసుకెళ్తాను, ముందు సీటు నీదే అన్నాడు తమ్ముడు.

ఆవిడ ఇంటి నుంచి రొట్టెలు మూట కట్టుకుని బస్సెక్కింది. మధ్యాహ్నం కొట్టు దగ్గర ఆ మూట విప్పబోతుంటే తమ్ముడికి చిన్నతనమనిపించింది.

"ఇరవై మూడేళ్లుగా తింటున్నానక్కా, నాకేమైనా అయిందా?" అన్నాడు.

ఆ మాట మీద నమ్మకంతో మూట పక్కన పెట్టింది. వెనక గదిలోకి రమ్మన్నాడు. ఆ చీకట్లో తనకు పళ్లెం కనపడదు, వెలుతురులో కూర్చుంటానంది. బయట బల్ల మీద కూర్చోబెట్టి, ముందు సీటు ఆవిడకు ఇంకో గరిటె ఎక్కువే వెయ్యమని కొట్టు యజమానికి కేకేసి చెప్పి మరీ లోపలికెళ్లాడు.

ఊరు చేరకముందే ఆవిడకు వాంతులు మొదలయ్యాయి. తెల్లారేసరికి నిలబడే ఓపిక లేదు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. వాంతులతో ఒళ్లు ఊగిపోతుంటే కంటి మీద కత్తి పెట్టలేనన్నాడు డాక్టరు. ఏం తిన్నారని అడిగాడు.

తిండి వల్ల అయ్యుండదండీ, నేనూ అదే తిన్నాను, గుండ్రాయిలా ఉన్నాను చూడండి అన్నాడు డ్రైవరు, కాస్త గొప్పగానే. అయితే వేరే ఏదో జబ్బుండాలి, గుండె చూడాలి, తల కూడా చూడాలి అన్నాడు డాక్టరు. డ్రైవరు గుండెల్లో రాయి పడింది. వరండాలోకి వచ్చి, నిన్నటి కూరలో ఏం వేశావో చెప్పమని కొట్టు యజమానికి ఫోన్ చేశాడు.

"మీరు తిన్నది ఆ కూర కాదు కదా గురువుగారూ" అన్నాడు యజమాని. "డ్రైవర్లకు మా ఇంట్లో వండుకున్నదే పెడతాం. మీ పొట్ట చెడితే రేపు బస్సు మా దగ్గర ఆగుతుందా? ఆవిడ మీ అక్కగారని ఒక్క మాట చెప్పి ఉంటే లోపలిదే పెట్టేవాణ్ని."

అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాడు. తిట్టడానికి మొహం చెల్లలేదు. తేలు కుట్టిన దొంగలా ఫోన్ పెట్టేసి, లోపలికెళ్లి, మేము తిన్నది ఒకటి కాదటండీ అని డాక్టరుకు చెప్పాడు. అయితే తిండే, భయం లేదు, రెండు రోజుల్లో లేచి తిరుగుతుందన్నాడు డాక్టరు. ఆపరేషను మాత్రం మూడు నెలల తర్వాతే.

ఆ సంగతి అక్కకు తనే చెప్పాల్సి వచ్చింది. ఈ ఏడు ఇక గుడ్డ ఇవ్వరులే అని ఆవిడ గోడవైపు చూసింది. తర్వాత మసక కళ్లతో అతని మొహాన్ని వెతుక్కుంది.

"నీకెలా ఉందిరా? నువ్వూ అదే తిన్నావుగా. రాత్రంతా నాకు నీ బెంగే. అంతమందిని వెనకేసుకుని తోలేవాడివి."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నాకు పెట్టింది అది కాదక్కా. డ్రైవర్లకు వేరే వండుతారట. నేనెప్పుడూ అడగలేదు."

ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"నా వెనక సీట్లో మూడేళ్ల పాపతో ఒకామె కూర్చుంది" అంది ఆవిడ. "కొట్టు దగ్గర నా పక్కనే బల్ల మీద ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. సాయంత్రం ఆ పాప ఒకటే ఏడుపు, ఎక్కడో దిగిపోయారు. ఎలా ఉందో ఏమో. నువ్వేమైనా చూశావా?"

"లేదక్కా" అన్నాడు.

లేచి వరండాలోకి వెళ్లాడు. కండక్టరుకు ఫోన్ చేసి, పాపతో ఉన్నామె ఎక్కడికి టికెట్టు తీసుకుందని అడిగాడు. ఏం, ఏమైనా వస్తువు మర్చిపోయిందా అన్నాడు కండక్టరు.