మూడు గోలీల పంపకం

ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో చేపలు పట్టి బతికే లింగస్వామి ఎనిమిదో తరగతి వరకు నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. ఛందస్సు అతని తలకెక్కలేదు గాని, పద్యాన్ని గొంతెత్తి చదవడంలో ఆ తరగతిలో అతనికి సాటివాడు లేడు. ఆ గొంతు ఇప్పుడు రెండు మాటలకొకసారి ఆగి దగ్గుతుంది. అది ఎందుకలా అయిందో రాయాలంటే నాకు విచారం కన్నా విసుగే ఎక్కువగా కలుగుతున్నది.

అతని జట్టు ముగ్గురిది. లింగస్వామి, అతని చిన్నాన్న కొడుకు బాలేష్, పక్కింటి రాంచందర్. పట్టిన చేపను ఒడ్డున మూడు కుప్పలు పోస్తారు. ఒకడు జ్వరంతో ఇంట్లో పడుకున్నా అతని కుప్ప అతని గుమ్మానికి చేరవలసిందే. పెద్ద రవ్వచేప ఒక్కటే చిక్కిన రోజున దానినే మూడు తునకలు చేస్తారు. దాయాది అన్న మాటకు పంపకంలో భాగమున్నవాడని అర్థం. మనం దానిని పగకు పర్యాయపదంగా వాడి పాడుచేశాం. అదే అర్థంలో 'పాలివాడు' అన్న చక్కని తెలుగు మాట ఉన్నది. ఇప్పటి పిల్లల నోట అది వినిపించదు. పదవీ విరమణ తరువాత ఇటువంటివి చెప్పుకోవడానికి నాకు తరగతి గది లేదు గనుక పాఠకులు మన్నించాలి.

నిరుటి వానకాలంలో లింగస్వామికి దగ్గు పట్టింది. సాయంత్రమైతే జ్వరం. మనిషి సగానికి సగం తగ్గాడు. సర్కారు దవాఖానలో కఫం పరీక్షించి క్షయ అని తేల్చారు. క్షయరోగుల ఇళ్లకు తిరిగే ఆరోగ్య కార్యకర్త శోభ మందుల పట్టీలు తెచ్చి ఇచ్చింది. ఒక్కొక్క గోలీలో కొన్ని మందులు కలిసి ఉంటాయి. అతని బరువును బట్టి రోజుకు మూడు గోలీలు ఒక్కసారే మింగాలి. ఆరు నెలలు ఒక్క పూట కూడా మానకూడదు. శోభ వచ్చినప్పుడల్లా లింగస్వామి ఖాళీ పట్టీలు చూపించేవాడు. ఆమె తృప్తిగా వెళ్లిపోయేది. మొదట కొంత తగ్గినట్టు కనిపించిన దగ్గు ఎండకాలానికి రెట్టింపైంది. మళ్లీ పరీక్షిస్తే, చికిత్సకు ఆయువుపట్టు వంటి మందుకు ఆ క్రిమి ఇక లొంగదని తేలింది.

ఆ సంగతి చెప్పడానికి శోభ వచ్చిన పొద్దున, అతనిని పలకరించడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"అన్నా, నిజం చెప్పు. గోలీలు బంద్ పెట్టినవా?" అని ఆమె అడిగింది.

"పెట్టలె. పట్టీలు నువ్వే చూసినవ్ గద."

"చూసిన. మరి పురుగు ఎట్ల మొండికేసింది?"

గడప దగ్గర బియ్యం చెరుగుతున్న అతని భార్య ఎంకమ్మ తల ఎత్తకుండానే అందుకున్నది. "చెప్పరాదు మరి. గోలీలు మూడు, ఇండ్లు మూడు అని."

"నువ్వు నోరు మూస్కో."

"నీ పానం పోతుంటె నా నోరు మూస్తవా? ఇను శోభా. ఒకటి ఈయన మింగిండు. ఒకటి బాలేషుకు, ఒకటి రాంచందర్‌కు. రోజు గట్లనే. చేపలు పంచినట్టు పంచిండు, నా మొగడు ధర్మరాజు."

శోభ చేతిలోని సంచి కింద పెట్టి అక్కడే చతికిలబడింది. లింగస్వామి నా వైపు చూశాడు, నేను సమర్థిస్తాననుకున్నట్టు.

"ఆళ్లు గూడ దగ్గుతున్నరు సారు. ఒక్క తెప్ప మీద కూసుండేటోళ్లం. నేనొక్కన్నే తిని బాగైతె ఆళ్ల మొకం ఎట్ల చూడాలె?"

"ఆళ్లను తోలుకొస్తె ఆళ్ల మందు ఆళ్లకే ఇస్తుంటిమి గదనె, పైస లేకుంట ముఫత్‌ల," అన్నది శోభ.

"బాలేషు రాడు. టీబీ అని తెలిస్తె ఆని చేప ఎవ్వరు కొనరంటడు."

మూడో వంతు మందు క్రిమిని చంపదు. ఆ మందును తట్టుకోగల క్రిములను మాత్రం మిగిల్చి పెంచుతుంది. ఈ సంగతి నేను అతనికి ఎంత నెమ్మదిగా చెప్పినా, చేపలో లేని దోషం గోలీలో ఎందుకుంటుందని అతని ముఖం అడుగుతూనే ఉన్నది. రాంచందర్‌ను శోభ ఎట్లాగో దవాఖానకు తీసుకువెళ్లింది. అతనికి క్షయే లేదు, అది బీడీల దగ్గు. లేని రోగానికి అన్నాళ్లు మందు మింగినవాడు బయటికి వచ్చి మరొక బీడీ వెలిగించాడు.

మొండి క్షయకు ఇదివరకు ఏడాదిన్నరకు పైగా మందులు వాడవలసి వచ్చేది. ఇటీవలి పరిశోధనల ఫలితంగా, నాలుగు మందులతో ఆరు నెలల్లో ముగిసే చికిత్స మన దేశంలోకి వచ్చింది. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లోక్సాసిన్. అచ్చుతో ముగియని ఈ పేర్లను ఎంకమ్మ ఒక్కొక్క ఉకారం తగిలించి తెలుగు చేసుకున్నది. వ్యాకరణం చదవకుండానే సరిగ్గా చేసింది. లింగస్వామి తేరుకోవాలంటే మిగిలిన గట్టి దారి అదొక్కటే. ఇది కూడా చెడితే తరువాత ఏ మందు పనిచేస్తుందో చెప్పలేమని డాక్టరు అన్నాడు.

మూడో నెలలో అతని పాదాలలో చీమలు పాకినట్టు మొదలై, క్రమంగా స్పర్శ తగ్గింది. లినెజోలిడ్ నరాలను అలా బాధపెడుతుందట. బురదలో కాలు పెట్టి అడుగున చేప ఉన్నదో లేదో చెప్పగలిగినవాడు, చెప్పు జారిపోయినా తెలియక నడిచాడు. ఆ మందు మోతాదు తగ్గించారు, మిగిలినవి సాగాయి. "మాన్పిస్తరా సారు?" అని నన్ను అడిగాడు. మానకూడదన్నాను. అతని కాళ్లకు నేను పూచీ పడలేనని మాత్రం అనలేకపోయాను.

అటువంటి రోజుల్లోనే బాలేష్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మునుపటికన్నా చిక్కిపోయాడు.

"అన్నా, గీ కొత్త గోలీలు మస్తు పనిచేస్తయంట. ఒక్కటియ్యి."

"ఇయ్య."

"ఇయ్యవా? నువ్వు పండుకుంటె నీ కుప్ప ఎవడు మోసుకొచ్చిండు?"

"నువ్వే తెచ్చినవ్. నడువ్, దవాఖానకు పోదాం. నేను గూడ వస్త."

"నాకు టీబీ పేరు పెట్టిపిచ్చి చెరువంత నువ్వే పట్టుకుందువు తీ. బాగ నేర్చినవ్ అన్నా."

"అరే, ఆయన నడుసుడే కష్టమైతుంటె చెరువు పట్టుకుంటడా?" అన్నది ఎంకమ్మ. బాలేష్ అప్పటికే మెట్లు దిగాడు. మరునాడు లింగస్వామి గుమ్మానికి చేప రాలేదు, ఆ తరువాతా రాలేదు. రాంచందర్ దొంగచాటుగా ఒకసారి రెండు బొచ్చె చేపలు ఇచ్చిపోతే, చాటుగా ఇచ్చేది మాకొద్దని ఎంకమ్మ వాటిని అతని ఇంటికే తిప్పి పంపింది.

చికిత్స ముగిసింది. లింగస్వామి కఫంలో క్రిములు లేవు, దెబ్బతిన్న ఊపిరితిత్తుల దగ్గు మాత్రం మిగిలింది. పాదాలకు స్పర్శ కొంత వచ్చింది, కొంత రాలేదు. ఆ పరీక్ష కాగితం నాకు చూపించినప్పుడు అతని ముఖంలో సంతోషం వెతికాను.

"నాకు పోయింది సారు. నాకున్న పురుగే బాలేషుకంటింది, గా మొండిదే. అప్పుడు నేను రోజుకొకటి ఇచ్చిన గోలి తిని ఆడు ఇంక ఖరాబైండు. నా మాట ఇంటలేడు. మీరొక్కపారి చెప్పుండ్రి."

శోభ వెళ్లింది, డాక్టరు కబురు పంపాడు, నేనూ వెళ్లాను. బాలేష్ భార్య నవత తలుపు సగం తీసి, "చెరువుకు పోయిండు సారు," అన్నది. లోపలి గదిలో దగ్గు వినిపిస్తున్నది. ఆమె వింటున్నది, నేను వింటున్నాను. "వచ్చినంక చెప్త," అని ఆమె తలుపు వేసింది. అరుగు మీద తడి వల ఆరేసి ఉన్నది. నేను కొంతసేపు అక్కడే నిలబడి, బయటినుంచే అతనిని పేరు పెట్టి పిలిచాను. దగ్గు ఆగింది.